ఖాళీ తొట్టిలో నలభై రోజులు

నిరుటి వేసవిలో మా ముందుగదిలో గోడవారగా ఒక గాజుతొట్టి వెలసింది. నూరు లీటర్ల నీరు, అడుగున తెల్లని ఇసుక, మధ్యలో పేర్చిన గుల్లరాళ్లు, రేయింబవళ్లు నీటిని తిప్పే చిన్న మోటారు, అన్నీ అమరినవి. లేనివల్లా చేపలే. ఇంటికి వచ్చినవారు కాసేపు ఆ నీటిని తేరిపార చూచి, రాళ్ల సందులలో వెదకి, చివరకు ఆ ఒక్క ప్రశ్నే అడిగేవారు: “చేపలేవండీ?”

“ఇంకా రాలేదు” అనేవాణ్ణి.

“తొట్టి పెట్టి నెలయిందన్నారు?”

“అవును. ముందు రావలసినవారు వచ్చి స్థిరపడుతున్నారు.”

వారు నా వంక కొంచెం జాలిగా చూచి మాట మార్చేవారు. ఉద్యోగ విరమణ తరువాత మనిషికి ఇటువంటి ధోరణులు సహజమని సరిపెట్టుకొని ఉంటారు. కాని ఆ నలభై రోజుల నిరీక్షణ వెనుక ఒక పాత అపరాధం ఉన్నది. ముందు దానిని ఒప్పుకోవాలి.

ఆరేళ్ల క్రితం మా మనుమరాలికి ఐదవ ఏడు వచ్చినప్పుడు, పుట్టినరోజు కానుకగా ఉప్పునీటి అక్వేరియం కొన్నాను. మా ఊరు హైదరాబాదు. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఆ సముద్రంలో ఒక దోసిలి ఇంటికి వచ్చిందని పిల్ల గంతులు వేసింది. అమ్మినవారు, “ఈ రోజు నీళ్లు పోయండి, రేపు చేపలు వేయండి” అన్నారు. అట్లాగే చేశాను. కాషాయరంగు మీద తెల్లని పట్టీలు గల క్లౌన్ చేపలు మూడు, నీలపు చేపలు రెండు. మొదటి మూడు రోజులు ఇల్లంతా పండుగ. నాలుగవ రోజున చేపలు నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరచి రొప్పనారంభించినవి. ఏడవ రోజు ఉదయానికి ఒక్కటీ మిగలలేదు.

మనుమరాలు ఏడవలేదు. తొట్టి ముందు నిలబడి, “తాతయ్యా, నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి కదా, మరి ఎందుకు చచ్చిపోయాయి?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. తొట్టిని అటక మీద పెట్టేశాను. ప్రశ్నను మాత్రం పెట్టలేకపోయాను.

ఆ ప్రశ్నకు సమాధానం కొద్ది మాటలలో చెప్పవచ్చు: తేటనీరు వేరు, బ్రతకదగిన నీరు వేరు. ఈ రెండింటి మధ్య నలభై రోజుల దూరం ఉన్నది.

చేప తిన్న ఆహారంలోని మాంసకృత్తులు దాని శరీరంలో ఖర్చయిన పిమ్మట మిగిలే వ్యర్థం అమోనియా. మనం దానిని యూరియాగా మార్చి మూత్రంతో విసర్జిస్తాము. చేప అంత శ్రమ పడదు; చాలా వరకు మొప్పల గుండానే నీటిలోకి వదలివేస్తుంది. సముద్రంలో ఉన్నంతకాలం దీనివల్ల చిక్కు లేదు, ఏమంటే ఆ మహాజలరాశిలో అమోనియా కొలతకు అందీ అందనంత స్వల్పంగా ఉంటుంది. నూరు లీటర్ల తొట్టిలో మాత్రం చేప తాను వదలిన విషాన్ని తానే తిరిగి పీల్చవలసి వస్తుంది. తినకుండా మిగిలిపోయిన మేత కుళ్లి ఆ విషానికి తోడవుతుంది. అమోనియాకు రంగు లేదు. ఆ కొద్ది మోతాదులో మన ముక్కుకు వాసన కూడ తెలియదు. నీరు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. చేప మొప్పలు కాలిపోతూ ఉంటాయి.

ఉప్పునీటిలో ఈ ప్రమాదం మరింత హెచ్చు. నీటిలోని అమోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయని అమోనియం. రెండవది చేప శరీరంలోకి చొచ్చుకొనిపోయే స్వచ్ఛమైన అమోనియా. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది నీటి క్షారగుణం. పీహెచ్ 7 గల మామూలు మంచినీటిలో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. సముద్రజలపు పీహెచ్ దాదాపు 8.2. అక్కడ అది నూటికి ఆరేడు పాళ్లకు చేరుతుంది. కనుక బంగారుచేపల తొట్టిలో చెల్లిపోయిన తొందరపాటు ఉప్పునీటి తొట్టిలో చెల్లదు.

అయితే ప్రకృతిలో ఈ విషం ఎక్కడికి పోతున్నది? దానిని తిని బ్రతికే జీవులు ఉన్నవి. నైట్రోసోమోనాస్ వంటి ఒక తెగ సూక్ష్మజీవులు అమోనియాను ప్రాణవాయువుతో కలిపి నైట్రైటుగా మారుస్తాయి. రెండవ తెగవారు ఆ నైట్రైటును అందుకొని నైట్రేటుగా మారుస్తారు. ఈ రెండవ పని నైట్రోబాక్టర్‌దేనని పుస్తకాలు చాలాకాలం చెప్పినవి. 1990ల చివర జరిగిన పరిశోధనలలో అక్వేరియంలలో ఆ పాత్ర ప్రధానంగా నైట్రోస్పైరా అనే మరొక జీవిదని తేలింది. నైట్రేటు కొద్ది మోతాదులో చేపలకు పెద్ద హాని చేయదు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చి దానిని తగ్గించుకోవచ్చు.

నైట్రేటు మనకు కొత్తది కాదు. మన పెద్దలు సురేకారం అన్నది పొటాషియం నైట్రేటునే. పశువుల కొట్టాల చుట్టుపక్కల, పాతగోడల మొదళ్లలో, ఎరువు నానిన మట్టిలో తెల్లగా పూచే ఆ ఉప్పును బీహారులో సేకరించి, పాట్నా మీదుగా నౌకలలో ఐరోపాకు తరలించి, ఈస్టిండియా కంపెనీ తుపాకిమందు వర్తకంలో ధనం గడించింది. పశువుల మూత్రంలోని నత్రజని నేలలో సురేకారంగా మారడానికి కారణమైన జీవులు, నా తొట్టిలో చేపల వ్యర్థాన్ని శుభ్రం చేసే జీవులు ఒకే కోవకు చెందినవి. ఆ సంగతి నాటి వర్తకులకు తెలియదు, మట్టిని ఉడికించి ఉప్పు తీసిన కూలీలకూ తెలియదు.

ఈ రహస్యం బయటపడిన చరిత్రలో ఒక తండ్రీకొడుకుల కథ ఉన్నది. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో ఒక గాజుతొట్టిలో రెండు చిన్న బంగారుచేపలను, కొన్ని నీటిమొక్కలను, నత్తలను కలిపి పెంచి ఫలితాలను ప్రకటించాడు. మొక్కలు ప్రాణవాయువునిస్తాయి, చేపలు దానిని పీలుస్తాయి, కుళ్లిన ఆకులను నత్తలు తింటాయి. అందరూ కలిసి ఒక సమతూకం అని ఆయన వాదం. ఇంటి అక్వేరియం అనే భావనకు అది పునాది. మూడేళ్లకు, 1853లో, లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల మందిరం వెలసింది. ఇంగ్లండులో ఇంటింటా గాజుతొట్ల వేలంవెర్రి మొదలైంది. తండ్రి వారింగ్టన్ లెక్కలో మాత్రం ఒక ముఖ్యమైన పద్దు తప్పిపోయింది. ఆ తొట్టిలో కంటికి కనబడని నాలుగవ కాపురం ఒకటి ఉన్నదని ఆయన ఎరుగడు. 1867లో ఆయన మరణించాడు.

పదేళ్ల తరువాత, 1877లో, ష్లోయెసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఒక పొడవాటి గాజుగొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి దానిగుండా మురుగునీటిని మెల్లగా వడపోయసాగారు. ఇరవై రోజులపాటు ఏ మార్పూ లేదు. పైన పోసిన అమోనియా క్రింద అమోనియాగానే దిగింది. ఆ తరువాత నైట్రేటు కనబడింది, క్రమంగా అమోనియా మాయమైంది. ఇది కేవల రసాయన చర్య అయితే ఇరవై రోజులు ఎందుకు ఆగాలి? వారు గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరిని పంపారు. మార్పు ఆగిపోయింది. క్లోరోఫారం పోయిన తరువాత కొద్దిగా మట్టి కలిపిన నీటిని చేర్చగా పని తిరిగి మొదలైంది. మత్తుమందుకు లొంగి, మట్టితో తిరిగి మేల్కొన్నదంటే అది ప్రాణమున్నదే అయి ఉండాలని వారు నిర్ణయించారు. ఆ గొట్టపు ఇరవై రోజుల మౌనం, నా తొట్టి నలభై రోజుల మౌనం ఒకటే జాతివి.

ఆ ప్రయోగాన్ని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో పరీక్షించి ధ్రువపరచి, ఆ మార్పు రెండు మెట్లలో, రెండు వేర్వేరు జీవుల వల్ల జరుగుతున్నదని నిరూపించిన వ్యక్తి పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. అతడు మొదటి వారింగ్టన్ కుమారుడు. తండ్రి తొట్టిలో తప్పిపోయిన పద్దును కొడుకు పొలపు మట్టిలో పట్టుకున్నాడు. ఆ జీవులను విడదీసి పెంచడం మాత్రం అతనికి సాధ్యం కాలేదు. 1890లో జూరిక్‌లో పనిచేస్తున్న రష్యను శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ పని సాధించాడు. ఈ జీవులు అన్నం తినవు, ఎండను వాడుకోవు. అమోనియాను మండించి పుట్టిన శక్తితో బొగ్గుపులుసు వాయువు నుండి తమ శరీరాన్ని తామే నిర్మించుకుంటాయి.

కథ అంతటితో ముగియలేదు. 2005లో అమెరికాలోని సియాటిల్ నగరపు అక్వేరియంలో, ఉష్ణమండల సముద్రజీవుల తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ల నుండి శాస్త్రజ్ఞులు ఒక కొత్త జీవిని వేరు చేశారు. అది బాక్టీరియా కాదు. ఆర్కియా అనే వేరొక ప్రాచీన వంశానికి చెందినది. అదీ అమోనియాను తినేదే. దాని బంధువర్గం సముద్రజలాలలో అత్యంత విస్తారంగా ఉన్న జీవరాశులలో ఒకటి. ఇంత విస్తృతమైన జీవిని సముద్రం నుండి కాక ఒక చేపలతొట్టి అడుగు నుండి వేరు చేయగలగడం విచిత్రం.

ఈ జీవులకు ఒక లోపం ఉన్నది: బద్ధకం. అమోనియా నుండి వాటికి లభించే శక్తి బహు స్వల్పం గనుక పెరుగుదల మందం. మన ప్రేవులలో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియా అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఇవి ఒకసారి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పట్టవచ్చు. పైగా రెండవ తెగవారికి మేత అయిన నైట్రైటు మొదటి తెగవారు పని ప్రారంభించిన తరువాత గాని పుట్టదు. కనుక కొత్త తొట్టిలో రెండు సేనలూ తగినంతగా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. దీనినే అక్వేరియం పెంపకందారులు ‘సైక్లింగ్’ అంటారు. ఆ మాట విని మా పొరుగాయన నేను సైకిలు తొక్కడం నేర్చుకుంటున్నానని భ్రమపడ్డారు. ఆ సైకిలు నత్రజని చక్రం.

ఇక నా రెండవ ప్రయత్నం సంగతి.

ముందుగా ఉప్పు. వంటింటి ఉప్పు పనికిరాదు. అది దాదాపు అంతా సోడియం క్లోరైడు, పైగా అయోడిన్ కలిపినది. సముద్రజలంలో మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు, బైకార్బొనేటు మొదలైనవి కూడ తగు పాళ్లలో ఉంటాయి. అవన్నీ కలిపిన ఉప్పు పొట్లాలు అక్వేరియం దుకాణాలలో దొరుకుతాయి. లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలిపి, నీటి సాంద్రత 1.025 ప్రాంతంలో ఉన్నదో లేదో హైడ్రోమీటరుతో చూచుకోవాలి. నీరు ఆర్.ఓ. యంత్రం నుండి పట్టినదైతే మేలు. కుళాయి నీరే వాడవలసివస్తే అందులోని క్లోరిన్‌ను ముందే పోగొట్టాలి. మనకు రోగాలు రాకుండా సూక్ష్మజీవులను చంపే ఆ మందు, మనం పెంచదలచిన సూక్ష్మజీవులను కూడ చంపుతుంది. నీటి వేడి 25 నుండి 27 డిగ్రీల మధ్య ఉంచాలి. హైదరాబాదు వేసవిలో అది సులభం కాదు. నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి తోలితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అప్పుడు ఆవిరయ్యేది నీరే కాని ఉప్పు కాదు గనుక, తరుగును మంచినీటితోనే పూరించాలి. ఉప్పునీరు పోస్తూ పోతే తొట్టి నానాటికి ఉప్పుగల్లీ అవుతుంది.

తరువాత నివాసం. ఈ జీవులు నీటిలో తేలుతూ ఉండేవి తక్కువ. ఇసుక రేణువులకు, రాతి గుల్లలకు, వడపోత స్పాంజికి అంటిపెట్టుకొని ఉండేవే ఎక్కువ. కనుక గుల్లబారిన రాయి ఎంత ఉంటే వాటికి అన్ని ఇళ్లు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పగడపు దిబ్బల నుండి తెచ్చిన ‘లైవ్ రాక్’ అనే రాయిలో ఈ జీవులు ముందే కాపురముంటాయని కొందరు దానిని అమ్మజూపుతారు. మన్నారు సింధుశాఖలోగాని, లక్షద్వీపాలలోగాని, అండమానులోగాని పగడపు దిబ్బను విరిచి తెచ్చిన రాయి మన ఇంట వెలుగునివ్వదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని రక్షిత జాబితాలో దిబ్బలు కట్టే పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లో చేర్చారు. వాటిని సేకరించడం, అమ్మడం నేరం. నేను వాడినది పొడిరాయి. అందులో ప్రాణం లేదు. తరువాత వచ్చి చేరింది.

ఇక మేత. చేపలు లేని తొట్టిలో అమోనియా ఎక్కడిది? పూర్వం ఇందుకోసం గట్టిప్రాణం గల చిన్న చేపలను బలిపశువులుగా వదిలేవారు. అవి కొన్ని బ్రతికేవి, కొన్ని చచ్చేవి, బ్రతికినవి మొప్పలు చెడి బ్రతికేవి. ఆ పద్ధతి అనవసరమైన హింస. పచ్చి రొయ్యముక్క ఒకటి వేసి కుళ్లనిచ్చినా పని జరుగుతుంది; కంపు భరించాలి, మోతాదు మన చేతిలో ఉండదు. అన్నిటికంటే సులువైనది నవాసాగరం. వెనుక వీధులలో ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవారు నిప్పు మీద గిన్నెలో చల్లితే తెల్లని పొగ లేచేది, జ్ఞాపకమున్నదా? అదే అమోనియం క్లోరైడు. బజారు సరకులో కల్తీ ఉండవచ్చు గనుక ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైనది తెచ్చుకోవాలి. నూరు లీటర్లకు 0.6 గ్రాము, అనగా ఒక చిటికెడు వేస్తే లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల అమోనియా అవుతుంది. అంతకు మించి ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. 5 మిల్లీగ్రాములు దాటితే ఆ సూక్ష్మజీవులకే అది భారమై పని కుంటుపడుతుంది.

తరువాత చేయవలసినది ఒక్కటే: కొలవడం, వ్రాయడం, ఆగడం. అమోనియా, నైట్రైటులను పరీక్షించే చుక్కల మందులు దొరుకుతాయి. చిన్న గాజుగొట్టంలో తొట్టినీరు తీసుకొని చుక్కలు వేస్తే రంగు మారుతుంది. రంగును బట్టి అంకె. మా మనుమరాలికి ఇప్పుడు పదకొండేళ్లు. సెలవులకు వచ్చి ఆ పరీక్షల బాధ్యత తనే తీసుకున్నది. ఒక పాత నోటుపుస్తకంలో తేదీలవారీగా అంకెలు వ్రాసింది.

మొదటి ఎనిమిది రోజులు అమోనియా ఎక్కడిదక్కడే. తొమ్మిదవ రోజున నైట్రైటు గొట్టంలో లేత గులాబిరంగు తేలింది. “వచ్చేశారు తాతయ్యా!” అని పిల్ల వంటింటిలోకి పరుగెత్తింది. పదహారవ రోజుకు అమోనియా సున్న. అప్పుడప్పుడు చిటికెడు నవాసాగరం వేస్తూ వచ్చాము, లేకపోతే పెరిగిన సేన పస్తులుంటుంది. ఆపైన పదిహేడు రోజులు నైట్రైటు రంగు ముదురు ఊదాగా నిలిచిపోయింది. ఆ రోజులలోనే నాకు ఓపిక నశించింది. సముద్రజలంలో క్లోరైడు పుష్కలంగా ఉండడం వల్ల అది మొప్పల వద్ద నైట్రైటుకు అడ్డుపడుతుంది; మంచినీటి చేపల రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి చంపే నైట్రైటు, ఉప్పునీటి చేపలను అంత సులభంగా చంపలేదు. ఈ సంగతి చదివి, “అయితే వేసేద్దామా?” అన్నాను. మనుమరాలు పుస్తకం మూసి, “అది సున్న కాలేదంటే రెండోవాళ్లు ఇంకా రానట్టే కదా” అన్నది. నేను నోరు మూసుకున్నాను.

ముప్పైయెనిమిదవ రోజున నైట్రైటు సున్నకు దిగింది. అయినా తొందరపడలేదు. ముప్పైతొమ్మిదవ రోజు ఉదయం చివరి పరీక్షగా మళ్లీ 2 మిల్లీగ్రాముల మోతాదు వేశాము. మరునాటి ఉదయానికి అమోనియా లేదు, నైట్రైటు లేదు. ఇరవైనాలుగు గంటలలో పెట్టిన మేతనంతా తిని, ఎంగిలి కూడ మిగల్చకుండా పళ్లెం కడిగిపెట్టినట్లు ఉన్నది. తొట్టి సిద్ధమైనదనడానికి అదే గుర్తు. ఎన్ని రోజులైనదన్నది కాదు. కొందరికి నాలుగు వారాలలో కావచ్చు, కొందరికి ఎనిమిది పట్టవచ్చు. క్యాలెండరును నమ్మక గాజుగొట్టాన్ని నమ్మాలి.

ఈ కాలాన్ని తగ్గించే న్యాయమైన మార్గం ఒకటి ఉన్నది. పాలలో తోడు వేయడం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. ఆరోగ్యంగా నడుస్తున్న మరొక ఉప్పునీటి తొట్టి నుండి గుప్పెడు ఇసుకనో, వడపోత స్పాంజి ముక్కనో తడి ఆరకుండా తెచ్చి వేస్తే కొత్త తొట్టి త్వరగా ‘తోడుకుంటుంది’. తోడు మంచిది కావాలి. రోగమున్న తొట్టి నుండి తెస్తే రోగమే తోడుకుంటుంది. సీసాలలో అమ్మే సూక్ష్మజీవులు కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. ఏది వేసినా చివరి పరీక్ష తప్పించుకోరాదు.

నడుమ మరికొన్ని కలవరాలు వస్తాయి. ఇసుక మీద, అద్దం మీద గోధుమరంగు పొర పేరుకుంటుంది. అది డయాటములు అనే నాచుజాతి. కొత్త తొట్టిలో సహజం, కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుతుంది. చేపలు లేనన్నాళ్లు దీపం ఆర్పి ఉంచితే నాచు బెడద తక్కువ. మన సూక్ష్మజీవులకు వెలుతురు అవసరం లేదు. వాటికి కావలసినది ప్రాణవాయువు. ఒక గ్రాము అమోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి అవి నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి. కనుక కరెంటు పోయి మోటారు ఆగితే మొదట ఉక్కిరిబిక్కిరి అయ్యేది వడపోతపెట్టెలో కిక్కిరిసి ఉన్న ఈ కనబడని జనమే. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

సిద్ధమైన తొట్టిని తిరిగి పాడుచేసుకొనే మార్గాలు కూడ ఉన్నవి. శుభ్రత మీద ప్రేమతో వడపోత స్పాంజిని కుళాయి క్రింద తళతళలాడేట్లు కడిగితే, క్లోరిన్ తగిలి ఆరు వారాల సంపాదన ఆరు నిమిషాలలో పోతుంది. దానిని తొట్టి నుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండాలి. చేపకు జబ్బు చేసినదని తొట్టిలో యాంటీబయాటిక్ పోస్తే మంచి చెడు తేడా లేకుండా పోతాయి. వైద్యం వేరొక పాత్రలో చేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకేసారి అరడజను చేపలను దింపరాదు. ఉన్న సేన ఉన్న మేతకు తగినంతే ఉంటుంది. ఒకటి రెండు చేపలు వేసి, రెండు మూడు వారాలు ఆగి, మళ్లీ కొలిచి, తరువాతనే మరొకటి.

ఇదంతా సంపన్నుల కాలక్షేపమని పాఠకులు అనుకోవచ్చు. భీమవరం ప్రాంతపు రొయ్యల రైతును అడిగిచూడండి. అమోనియా, నైట్రైటు అనే మాటలు అతనికి నోటిమీద ఉంటాయి. చెరువులో నీరు సిద్ధం కాకుండా అతడు పిల్లను వదలడు. వదిలితే పోయేది లక్షల రూపాయల పంట. అతనికి తెలిసిన ఈ సత్యం ముందుగదిలో తొట్టి పెట్టుకొనే మనకు తెలియకపోవడానికి కారణం ఒక్కటే: మన చేప చచ్చిపోతే మరొకటి కొనుక్కోగలం. అంగళ్లలో అమ్ముడయ్యే సముద్రపు అలంకార చేపలలో అత్యధిక భాగం నేటికీ పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. నా తొందరపాటుకు ఆరేళ్ల క్రితం చచ్చిన ఐదు చేపల స్థానంలో మరి ఐదింటిని ఎవరో ఎక్కడో వలవేసి పట్టి ఉంటారు. తొట్టిలో మరణం తొట్టితో ఆగదు.

నలభైరెండవ రోజున సగం నీరు మార్చి, పేరుకున్న నైట్రేటును తగ్గించి, రెండు క్లౌన్ చేపలను తెచ్చాము. వీటిని హేచరీలలో గుడ్ల నుండి పెంచే విద్య మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు సాధించినదే. అట్లా పెంచిన పిల్లలనే అడిగి కొన్నాము. సంచిని తొట్టినీటిలో తేలవేసి వేడి సమానమయ్యేదాకా ఆగి, కొద్దికొద్దిగా తొట్టినీరు సంచిలో కలుపుతూ గంటసేపు గడిపాము. నలభై రోజులు ఆగినవారికి గంట ఒక లెక్కా? తరువాత అవి మెల్లగా రాళ్ల చాటుకు జారుకున్నవి.

మన ఇళ్లలో గృహప్రవేశానికి యజమాని ముందు కాలుపెట్టడు. ముందు ఆవును లోపలికి తోలతారు, పాలు పొంగిస్తారు, ఆ తరువాతనే మనుషులు. ఎవరు ముందు ఉండాలో, ఎవరు తరువాత రావాలో ఒక క్రమం ఉన్నదని చెప్పడమే దాని భావమేమో. మా తొట్టిలో ఆ క్రమం ఆరేళ్లు ఆలస్యంగా నెరవేరింది.

నిన్న ఒక బంధువు వచ్చి తొట్టి ముందు కూర్చున్నాడు. “ఇంత పెద్ద తొట్టిలో రెండే చేపలా?” అన్నాడు. మా మనుమరాలు నోటుపుస్తకం తెచ్చి అతని ఒడిలో పెట్టి, “కోట్లమంది ఉన్నారు మామయ్యా, చేపలు మాత్రం రెండే” అన్నది.